గోడమీది కాగితం చదివారా?

అది 2018 శ్రావణమాసం. ఇంటికొచ్చి మావాణ్ణి చూసే అమ్మాయి రావాల్సిన రోజు, శ్రావణ శుక్రవారం కలిసొచ్చాయి. ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంటుందని రెండువేల మూడొందలు పెట్టి మంగళగిరి చీర కొన్నాను. ఆ అమ్మాయి బొట్టు పెట్టించుకుంది, పసుపు రాయించుకుంది. శనగలు అక్కడే నిలబడి తినేసింది. చీర మాత్రం రెండు చేతులతో తీసి మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"ఏమనుకోకండి ఆంటీ, ఇది నేను తీసుకోకూడదు" అంది.

మా అత్తగారి మొహం అప్పుడు చూడాలి! ఆడపిల్లకి బొట్టుపెట్టి ఇచ్చిన చీర వెనక్కి రావడం ఆవిడ డెబ్బయ్యేళ్ల జీవితంలో అదే మొదటిసారి. "రంగు నచ్చలేదేమో అడుగు" అని నా చెవిలో ఊదారు. నిజం చెప్పొద్దూ, నాకూ మనసు చివుక్కుమంది.

అప్పుడు చెప్పింది ఆ అమ్మాయి, తను పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న బోర్డు నియమావళిలో అలా ఉందట. తను పనిచేసే కుటుంబం నుంచి కానుకలు పుచ్చుకోకూడదు. కానుకతో మొహమాటం మొదలవుతుంది. మొహమాటం వచ్చాక 'మీ అబ్బాయికి ఈ పద్ధతి పనిచెయ్యడం లేదండీ' అని ముఖాన చెప్పలేరు. మనమూ 'ఇలా ఎందుకు చేస్తున్నారు?' అని అడగలేం. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమావళిలో కాస్త సడలించి 10 డాలర్ల లోపు చిన్న కానుక పర్వాలేదన్నారు. మన లెక్కలో జాకెట్టు గుడ్డకి చెల్లుతుంది, మంగళగిరి చీరకి చెల్లదు!

ఆ రాత్రి పడుకుంటే నిద్ర రాలేదు. చీర గురించి కాదు. అంతకు రెండేళ్ల ముందు నేను మొహమాటానికి పోయి ఎక్కడ నోరు మూసుకున్నానో అది గుర్తొచ్చింది.

గాజు గుర్తులనుకున్నాను

మావాడికి మూడున్నరేళ్లప్పుడు ఆటిజం అన్నారు. అప్పుడు మేం ఒక చిన్న పట్టణంలో ఉండేవాళ్లం. ఊరి పేరెందుకులెండి. అక్కడ 2016లో ఒక థెరపీ సెంటర్ ఉండేది. మూడో అంతస్తు, ఏసీ గది, గోడనిండా ఫ్రేములు కట్టించిన సర్టిఫికెట్లు. బంగారు రంగు ముద్ర, ఎర్ర రిబ్బను, ఇంగ్లీషు పేర్లు. నెలకి పన్నెండు వేలు. మా వారి జీతంలో దాదాపు సగం. నేను ఆ గోడ చూసే చేర్పించాను. ఒక్క కాగితం కూడా చదవలేదు. ఫ్రేము కట్టించి మేకు కొట్టారంటే గొప్పదే అయి ఉంటుంది అనుకున్నాను. డాక్టరు గోడమీద పట్టాలు మనం చదువుతామా? ఇదీ అంతే.

సెంటర్ నడిపే ఆయన బాగా మాట్లాడేవాడు. "ఇది ఏబీఏ అమ్మా, అమెరికా పద్ధతి" అనేవాడు. అప్లయిడ్ బిహేవియర్ ఎనాలిసిస్ అని పూర్తిపేరు. మా నాలిక తిరగక మేమూ ఏబీఏ అనే అనేవాళ్లం. దసరాకి బట్టలు, సంక్రాంతికి అరిసెలు, ఊరగాయల కాలంలో ఆవకాయ జాడీ, అన్నీ పట్టుకెళ్లి ఇచ్చాను. అన్నీ పుచ్చుకున్నారు.

నాలుగో నెలలో మావాడి మణికట్టు మీద ఎర్రటి చారలు కనిపించాయి. బిగుతు గాజులు వేస్తే పడే గుర్తుల్లాంటివి. మగపిల్లాడికి గాజులెక్కడివి? అడిగితే, చెయ్యి కొరుక్కుంటున్నాడని కుర్చీ చేతులకి చున్నీతో కట్టామని చెప్పారు. చాలా మామూలుగా చెప్పారు. టిఫిన్ డబ్బా కూడా అలాగే ఇంటికి తిరిగొచ్చేది. 'ఇవ్వు' అని నోరు తెరిచి అడిగేదాకా పెరుగన్నం పెట్టరట. నాలుగేళ్లవాడు, అప్పటికి 'అమ్మ' కూడా పలకనివాడు. "మీరు వాడి ఏడుపుకి లొంగిపోతున్నారు. అందుకే వీడిలా ఉన్నాడు" అన్నాడాయన.

నేను ఏం చేశానో చెప్పాలి. ఇంకా రెండు నెలలు పంపించాను. రోజూ పొద్దున తలుపు దగ్గర వాడు నా కొంగు పట్టుకుని వదిలేవాడు కాదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి లోపలికి పంపేదాన్ని. గోడమీద అన్ని సర్టిఫికెట్లున్న మనిషికంటే నాకెక్కువ తెలుసా అని నన్ను నేనే కసురుకునేదాన్ని.

ఫోటో తీసి పంపండి వదినా

బయటపడేసింది మా మరదలు. తమ్ముడి భార్య, టెక్సాస్‌లో ఉంటుంది. తను అక్కడ ఇలాంటి పిల్లలతోనే పనిచేస్తుంది. ఒకరోజు ఫోన్లో మాటల మధ్య చున్నీ సంగతి చెప్పాను. అవతల కాసేపు మాటలేదు. "వదినా, రేపు వెళ్లినప్పుడు ఆ గోడమీద కాగితాలన్నీ ఫోటో తీసి నాకు పంపండి" అంది.

పంపాను. ఆరు కాగితాలు. ఒకటి డిగ్రీ పట్టా, కామర్స్‌లో. రెండు మూడు రోజుల వర్క్‌షాపులకి హాజరైనట్టు ఇచ్చినవి. ఒకటి 40 గంటల ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసినట్టు. మిగతా రెండూ సన్మాన పత్రాలు!

"ఇందులో సర్టిఫికేషన్ ఒక్కటీ లేదు వదినా. ఆ 40 గంటల కోర్సు నేనూ చేశాను. అది అయ్యాకే కదా నా అసలు పని మొదలైంది" అంది.

ఈ తేడా తెలియకే చాలామంది తల్లులం మోసపోతున్నాం కాబట్టి మా మరదలు చదివిన క్రమం చెబుతాను. అమెరికాలో ఈ రంగంలో మొదటి మెట్టు రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్. ఆర్‌బీటీ అంటారు. ఈ మెట్టు 2014లో పెట్టారు. పద్దెనిమిదేళ్లు నిండి, హైస్కూలు చదువు ఉంటే చాలు. 40 గంటల శిక్షణ. అదీ ఆదరాబాదరాగా రెండు రోజుల్లో ముగిస్తే ఒప్పుకోరు, కనీసం ఐదు రోజులైనా పట్టాలి. తరవాత నేర చరిత్ర లేదని పరిశీలన. ఆపైన, నేర్చుకున్నది నిజంగా చేసి చూపించమని ఒక పెద్ద నిపుణురాలు ఎదురుగా కూర్చుని పరీక్షిస్తుంది. అదీ నెగ్గితే అప్పుడు కంప్యూటర్ మీద పరీక్ష. 85 ప్రశ్నలు, 90 నిమిషాలు. మా మరదలు మొదటిసారి తప్పింది. "నేను ఎంసీఏ చేసినదాన్ని వదినా, ఇందులో ఏముందిలే అనుకున్నాను" అని ఇప్పటికీ నవ్వుతుంది.

ఇంత చేశాక కూడా సొంతంగా పిల్లవాడికి ఏం చెయ్యాలో నిర్ణయించే అధికారం తనకి లేదు. పైన ఒక బీసీబీఏ ఉండాలి. అంటే బోర్డ్ సర్టిఫైడ్ బిహేవియర్ ఎనలిస్ట్. ఆ మెట్టెక్కాలంటే మాస్టర్స్ డిగ్రీ, ఈ సబ్జెక్టులోనే నిర్ణీత పాఠాలు, మామూలుగా 2000 గంటలు ఒకరి పర్యవేక్షణలో పని, ఆ తరవాత నాలుగు గంటల పరీక్ష. పథకం రాసేది బీసీబీఏ, చేసేది ఆర్‌బీటీ. ఆర్‌బీటీ నెలలో చేసే పనిగంటల్లో కనీసం నూటికి ఐదు గంటలకి పర్యవేక్షణ ఉండి తీరాలి. "నేనే సొంతంగా బోర్డు పెట్టుకుని కూర్చుంటే నా సర్టిఫికెట్ ఊడిపోతుంది. మీ ఊరాయన నా స్థాయి కూడా దాటలేదు, ఏకంగా సెంటర్ పెట్టాడు" అంది మరదలు. ఈ రెండు మెట్ల మధ్య బీసీఏబీఏ అని డిగ్రీవాళ్లకి ఇంకొకటి ఉంది, దాని గురించి ఇక్కడ అంతగా అక్కర్లేదు.

ఇంకో మాట. బీసీబీఏ ఒకసారి వస్తే జీవితాంతం గోడమీద వేలాడే పట్టా కాదు. రెండేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. ఆ రెండేళ్లలో 32 గంటల కొత్త చదువు చూపించాలి, అందులో 4 గంటలు నీతి నియమాల మీదే. తప్పు చేస్తే ఫిర్యాదు చెయ్యొచ్చు, బోర్డు విచారిస్తుంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ల పేర్లు బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. మా మరదలు ఆ రాత్రే మా ఊరాయన పేరు వెతికింది. లేదు.

మర్నాడు మావాణ్ణి పంపలేదు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. అడగలేదు కూడా.

మయామీలో ఏం జరిగింది?

ఇంత పకడ్బందీ ఎందుకు పెట్టుకున్నారా అని నాకు అనుమానం వచ్చి ఆరా తీశాను. చివరికి తేలిందేమిటంటే, వాళ్లదీ మా కథలాంటిదే, ఇంకా ఘోరం.

మనుషుల ప్రవర్తనని గమనించి, లెక్కగట్టి, చిన్న చిన్న మార్పులతో కొత్తవి నేర్పించడం అన్న ఈ శాస్త్రం అమెరికాలో బి.ఎఫ్. స్కిన్నర్ పరిశోధనలతో ఊపందుకుంది. 1968లో దీనికంటూ ప్రత్యేక పత్రిక మొదలైంది. ఏ శాస్త్రానికైనా పేరొస్తే దాని పేరు చెప్పుకుని బతికేవాళ్లూ వస్తారు కదా! 1972లో ఫ్లోరిడా రాష్ట్రం మయామీలో సన్‌లాండ్ అనే సంస్థలో, బుద్ధిమాంద్యం ఉన్న కుర్రాళ్లని 'ప్రవర్తన మార్చడం' పేరిట చెక్కబద్దలతో కొట్టారనీ, డిటర్జెంటుతో నోళ్లు కడిగించారనీ, గంటల తరబడి కట్టి ఉంచారనీ, నలుగురిలో సిగ్గుమాలిన పనులు చేయించారనీ బయటపడింది. చేసినవాళ్లలో చాలామందికి సరైన శిక్షణ లేదు. అడిగేవాళ్లూ లేరు. ఎవరో పెద్దాయన చెప్పిన పద్ధతి అన్నారు, అంతే.

నిపుణుల కమిటీ వేశారు. ఎవరు ఈ పని చెయ్యొచ్చు, ఏవి చెయ్యకూడదు అన్న నియమాలు రాశారు. 1980లలో ఫ్లోరిడా సొంతంగా పరీక్ష పెట్టింది. ఆ అనుభవంతోనే జెరాల్డ్ షుక్ అనే ఆయన 1998లో బిహేవియర్ ఎనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డు స్థాపించాడు. లాభాపేక్ష లేని సంస్థ. అంటే ప్రభుత్వం కాదు, వృత్తిలోనివాళ్లు పెట్టుకున్న బోర్డు. తరవాత సగానికి పైగా రాష్ట్రాలు దీని ఆధారంగా లైసెన్సు చట్టాలు చేశాయి. 2019 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఆటిజం చికిత్సకి ఇన్సూరెన్స్ ఇవ్వాలన్న నిబంధనలు వచ్చాయి. ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బివ్వాలంటే కాగితం చూపించమంటుంది కదా! అలా ఇవాళ అక్కడ బీసీబీఏలు 60 వేలు దాటారు, ఆర్‌బీటీలు లక్షన్నర పైమాటే.

చున్నీతో కట్టిన మా ఊరి కుర్చీ, మయామీలో కట్టిన కుర్చీ ఒకటే. వాళ్లు ఆ తరవాత పుస్తకం రాసుకున్నారు. మా ఊళ్లో మళ్లీ ఎవరో కట్టే ఉంటారు. నేను ఫిర్యాదు చెయ్యలేదు కదా. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

డబ్బులిచ్చి గీతలు గీయించుకున్నాం

మా వారు బదిలీ అడిగి హైదరాబాద్‌కి తెచ్చుకున్నారు. బోర్డు జాబితాలో పేరున్న ఒకమ్మాయి దగ్గర 2017లో చేర్పించాం. చీర తిరిగిచ్చిన అమ్మాయే.

మొదటి నెల నాకు ఒళ్లు మండిపోయింది. ఏమీ నేర్పదే! ఒక నోట్‌బుక్కు పట్టుకుని మూలన కూర్చుని గీతలు గీసేది. వాడు చెయ్యి కొరుక్కున్నప్పుడల్లా ఒక గీత. ప్రతి గీతకీ మూడు గడులు: అంతకుముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, చేశాక ఏమైంది. నాకూ ఒక నోట్‌బుక్కు ఇచ్చి ఇంట్లో అలాగే రాయమంది. కూరలో ఉప్పేశానో లేదో గుర్తుండని రోజుల్లో ఈ గీతలొకటి! మా అత్తగారయితే "పాలవాడి లెక్కలా ఉందే" అన్నారు.

నెల తిరిగాక ఆ అమ్మాయి నా నోట్‌బుక్కు, తన నోట్‌బుక్కు పక్కపక్కన పెట్టింది. ఇంట్లో ఎక్కువ గీతలు పొద్దున ఏడు నుంచి ఎనిమిదిలోపు పడ్డాయి. మిక్సీ, కుక్కరు విజిల్. సెంటర్లో, పక్క గదిలో డ్రిల్లింగు పని జరిగిన వారమంతా. ఆ చప్పుడు వాడు భరించలేకపోతున్నాడు. చెయ్యి కొరుక్కుంటే ఎవరో ఒకరు ఎత్తుకుని బయటికి తీసుకెళ్తున్నాం. అంటే కొరుక్కోవడం వాడి భాషలో 'నన్ను ఇక్కణ్ణుంచి తీసుకుపోండి' అనడమన్నమాట! ఆర్నెల్లపాటు ఆ మాట చెప్పిన చేతుల్ని మేం కుర్చీకి కట్టించాం.

తలుపు బొమ్మ ఉన్న చిన్న కార్డు ఒకటి ఇచ్చి, అది చేతిలో పెడితే వెంటనే బయటికి తీసుకెళ్లాలని నేర్పింది. మొదట్లో వాడికంటే మాకే ఎక్కువ నేర్పాల్సొచ్చింది. తొలి నెల రోజుకి సగటున పద్నాలుగు గీతలు. మూడో నెలకి ఐదు. ఆరో నెలలో గీతల్లేని రోజులు వచ్చాయి. మాటలు ఇంకో ఏడాదికి గానీ రాలేదు, అవీ ముక్కలు ముక్కలుగానే. అద్భుతమేం జరగలేదు. వాడిప్పుడు పదమూడేళ్లవాడు, మిక్సీ వేస్తే హెడ్‌ఫోన్లు తెచ్చుకుని తనే పెట్టుకుంటాడు. వేరే స్కూల్లో చదువుతున్నాడు, కూడికలు బాగా వస్తాయి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లందరూ మంచివాళ్లని నేను హామీ ఇవ్వలేను. ఈ రంగానికి పేరు తెచ్చిన 1987 నాటి లోవాస్ అధ్యయనంలో కూడా పిల్లల్ని గట్టిగా కసరడం, చరచడం ఉన్నాయి. పెద్దవాళ్లయిన ఆటిస్టిక్ వ్యక్తులు చాలామంది, కళ్లలోకి చూడమని బలవంతపెట్టి, చేతులు ఆడించవద్దని ఆపి తమని బొమ్మల్లా చేశారని ఈ పద్ధతిమీద గట్టిగా విమర్శలు చేస్తున్నారు. అమెరికాలో ఒక సంస్థ విద్యుత్ షాకులు కూడా వాడుతూ వచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ బిహేవియర్ ఎనలిస్టుల అంతర్జాతీయ సంఘం తీర్మానం చేసింది 2022లో. ఇంత ఆలస్యమా అని నాకూ అనిపించింది. అందుకని పేరు జాబితాలో ఉందా అని చూసి ఊరుకోకండి. లోపలికి రానిస్తారా, ఎప్పుడైనా తలుపు తీసి చూడొచ్చా, ఏం లెక్క రాస్తున్నారో చూపిస్తారా అని అడగండి. పిల్లవాడు ఏడిస్తే ఏం చేస్తారో మాటల్లో చెప్పమనండి. మా అమ్మాయి మొదటిరోజే ఒక ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించుకుని, "మీకు నచ్చకపోతే ఏ రోజైనా ఆపెయ్యమని చెప్పొచ్చు" అంది. పాత సెంటర్లో ఫీజు రసీదు తప్ప ఇంకే కాగితమూ ఇవ్వలేదు.

మన దగ్గర సంగతి

ఇక్కడ ఒక పెద్ద మార్పు వచ్చింది, చాలామందికి తెలియదు. ఆ అమెరికా బోర్డు 2023 జనవరి 1 నుంచి మన దేశంలో ఉండేవాళ్ల కొత్త దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. అమెరికా, కెనడా లాంటి కొద్ది దేశాలకే పరిమితమైంది. అంతకుముందే సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు నియమం ప్రకారం రెన్యూ చేసుకుంటూ కొనసాగొచ్చు. మా సెంటర్లో శిక్షణలో ఉన్న ఇంకో పిల్ల గంటలు పూర్తిచేసుకోకుండానే గడువు దాటిపోయి, పాపం, ఎంత ఏడ్చిందో! తరవాత వేరే దారి చూసుకుంది. ఐబీఏఓ, క్యూఏబీఏ అని వేరే సంస్థలున్నాయి, అవి ఇతర దేశాలవాళ్లకీ పరీక్షలు పెడతాయి. అవీ ప్రైవేటు సంస్థలే.

మరి మన ప్రభుత్వం? రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం 1992లో వచ్చింది. స్పెషల్ టీచర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు లాంటివారు ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. వాళ్లకో నంబరు ఇస్తారు, అది అడిగి సరిచూసుకోవచ్చు. నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! మా పాత సెంటర్లో మూడు రోజుల ఫీజు. ఆ రిజిస్టర్‌లో బిహేవియర్ ఎనలిస్ట్ అన్న పేరు విడిగా లేదు. తరవాత 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం వచ్చింది. దాని షెడ్యూల్‌లో ప్రవర్తనా ఆరోగ్య నిపుణుల జాబితాలో బిహేవియరల్ ఎనలిస్ట్ పేరు చేర్చారు. చట్టంలో పేరుండటం వేరు, మన వీధి చివర సెంటర్లో నంబరు కనిపించడం వేరు అనుకోండి.

అన్నట్టు, ఈ విద్య మనకి బొత్తిగా కొత్తదేం కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. అప్పుడు ఎన్ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. మన పిల్లల ప్రవర్తనని అంచనా వెయ్యడానికి బేసిక్ ఎంఆర్ అనే కొలమానాన్ని అక్కడే తయారుచేసి 1992లో ప్రచురించారు. అమెరికా బోర్డు పుట్టడానికి ఆరేళ్ల ముందు! మేం ఇంత తిరిగి, ఇంత ఖర్చుపెట్టి, చివరికి అక్కడికి వెళ్లాం. ముందే వెళ్లి ఉంటే బాగుండేది. ఇంకోటి, నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా కింద ఆటిజం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది. అందులో థెరపీలకీ కొంత ఇస్తారు. ఇదీ నాకు ఎవరూ చెప్పలేదు, అక్కడ వరసలో నిలబడ్డ ఇంకో తల్లి చెప్పింది.

"అత్తయ్యా, కట్టెయ్యమంటావా?"

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా ఆడపడుచు కూతురు బీఏ సైకాలజీ పూర్తిచేసి ఖాళీగా ఉంది. మొన్న ఫోన్ చేసింది. "అత్తయ్యా, 40 గంటల్లో అమెరికా సర్టిఫికెట్ అట. ఇంట్లో కూర్చునే చదవొచ్చట. ఇరవై ఎనిమిది వేలు, ఇవాళ కడితే నాలుగు వేలు తగ్గిస్తారట. కట్టెయ్యమంటావా?"

కట్టొద్దు అని చెప్పడం సులువే. కానీ నేను చెబితే అత్తయ్య చాదస్తం అనుకుంటుంది. "వాళ్లకి ఫోన్ చేసి ఒక్క మాట అడుగు. 'నేను ఇండియాలో ఉంటున్నాను, ఈ కోర్సయ్యాక ఆర్‌బీటీ పరీక్షకి అప్లై చెయ్యొచ్చా?' అని. ఫోన్ స్పీకర్లో పెట్టు" అన్నాను. అవతల అమ్మాయి ముందు "హండ్రెడ్ పర్సెంట్ మేడమ్" అంది. 2023 నిబంధన గురించి అడిగేసరికి లైన్లో ఉండమంది. పాట వినిపించారు. మళ్లీ వచ్చి, "కంప్లీషన్ సర్టిఫికెట్ అయితే గ్యారంటీగా ఇస్తాం మేడమ్, ఫ్రేముతో సహా" అంది!

మా పిల్ల నా మొహం చూసి నవ్వాపుకోలేకపోయింది. నాకు నవ్వు రాలేదు.

నేర్చుకోవడానికి ఆ 40 గంటలూ దండగేం కాదు, ఆ మాటా తనకి చెప్పాను. కానీ అది చదువుకి ఆరంభం. దాంతో బోర్డు కడితే తప్పు. ఈ పనిలో నిలబడాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపున్న స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సు ఏదైనా ముందు చెయ్యి, నంబరు తెచ్చుకో, ఆపైన ఏ విదేశీ పరీక్షయినా రాసుకో అన్నాను. మావాడి అమ్మాయితో కూడా మాట్లాడించాను. ఆవిడా దాదాపు అదే చెప్పింది, ఇంకాస్త నెమ్మదిగా. అడ్మిషన్లు మొదలయ్యేదాకా ఒక స్పెషల్ స్కూల్లో రోజూ మూడు గంటలు ఊరికే కూర్చుని చూసొచ్చే ఏర్పాటు చేసింది. జీతం లేదు, బస్సు చార్జీలు మనవే.

వారం తిరక్కుండానే మా పిల్ల మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. "ఏముంది అత్తయ్యా అక్కడ? ఒక్క పిల్లాణ్ణి ముట్టుకోనివ్వరు. మూలన కూర్చోబెట్టి నోట్‌బుక్కు ఇచ్చారు. వాడు కుర్చీలోంచి లేచినప్పుడల్లా గీత గియ్యమంటారు. డిగ్రీ చదివి గీతలు గియ్యడమేనా?"

లోపలికెళ్లి బీరువా పైఅర తీశాను. చీరల అడుగున 2017 నాటి నోట్‌బుక్కు ఉంది, అట్ట చిరిగి, మూలన కూర మరకతో. తెరిచి ముందు పెట్టాను. పొద్దున ఏడు నుంచి ఎనిమిది వరకు, గీత పక్కన గీత, పేజీలకి పేజీలు. 'ముందు ఏం జరిగింది' అన్న గడిలో నా చేతిరాతతో మిక్సీ, మిక్సీ, కుక్కరు, మిక్సీ.

అది చాలాసేపు తిప్పి చూసింది. పక్క గదిలో మావాడు ఏదో పాట పెట్టుకుని వింటున్నాడు. "మొదటి పేజీ ఫోటో తీసుకోనా అత్తయ్యా?" అని అడిగింది. ఫోటో ఎందుకు, పట్టుకెళ్లి చదివి మళ్లీ తెచ్చివ్వమన్నాను. ఇంకా తేలేదు.